అర అల తేడా

బెర్గెన్‌లో వాన ఆగితే వింత.
ఆగని ఒక మంగళవారం
తడిసిన ఉన్ని టోపీ చేతుల్లో నలుపుకుంటూ హాల్వార్ వచ్చాడు.
ముప్పై ఏళ్లు ఉత్తర సముద్రంలో
గాలి తుపాకులు పేల్చి
అడుగు నేల పొరలు ఎక్కడ వంగాయో విన్న మనిషి.
మా హెల్మెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు:
"ఇందులో చమురు పడితే నా వాటా ఎంత?"

తలకు జెల్లు రాశాను. చల్లగా ఉందన్నాడు.
హెల్మెట్ లోపల ఆరువందల నోళ్లు,
చెవులూ అవే.
ఒకటి పలికితే మిగతావన్నీ వింటాయి.

మెదడును అడగడం తేలికే,
అడ్డంగా ఎముక లేకపోతే.
ఎముకలో శబ్దం పరుగెడుతుంది, వంగుతుంది,
కొంత వేడెక్కి అక్కడే పోతుంది.
బయటపడింది
తాగి ఇంటికొచ్చినవాడు చెప్పే సంగతిలా ఉంటుంది:
అబద్ధం కాదు, వరస తప్పింది.

నా ప్రోగ్రాం ముందు ఒక తలను ఊహిస్తుంది.
ఆ ఊహలోకి అదే శబ్దాన్ని పంపుతుంది.
వచ్చినదానికీ రావలసినదానికీ తేడా తీసి
ఆ తేడాను కాలానికి ఎదురు నడిపిస్తుంది,
పొరబాటు ఎక్కడ పుట్టిందో అక్కడిదాకా.
కాస్త దిద్దుతుంది.
మళ్లీ.

మొదట బొంగురు గొంతులే వినాలి.
సన్న గొంతులకు తొందరెక్కువ.
ఊహ అర అలకు మించి తప్పిందా,
పక్క అల చెయ్యి పట్టుకుని ఇదే నాదంటుంది,
ధీమాగా తప్పు లోయలోకి దిగిపోతుంది.
నేనూ అలా ఒక పెళ్లి చేసుకున్నాను.

రాత్రంతా యంత్రాలు గుర్రుపెట్టాయి.
నలభయ్యో చుట్టుకి నీటి గదులు తేలాయి, నడిమి గీత తేలింది,
బూడిద మీద బూడిద రంగు.
ఎడమ కణత దగ్గర మాత్రం తేడా చావలేదు.
ఎంత దిద్దినా మిగిలే మచ్చ,
నడుమ చిల్లున్న క్రోనె నాణెమంత.

కోడ్‌లో తప్పనుకుని రెండు రోజులు వెతికాను.
తప్పు మొదట్లోనే ఉంది:
ఊహకు నేనిచ్చింది ఎవరిదీ కాని పుర్రె,
పదిమందిని కలిపి తీసిన సగటు.
పుర్రెకో బుద్ధి అనడం ఊరికే కాదు,
పుర్రెకో మందం, పుర్రెకో వేగం.

శుక్రవారం ఫోన్ చేసి అడిగాను.
చాలాసేపు అటువైపు వాన చప్పుడే.
"ఎనభై ఏడు, నవంబరు. వించి తాడు తెగింది.
టోపీ కిందికి లాక్కుని డ్యూటీ పూర్తి చేశాను.
సున్నీవాకి చెప్పలేదు.
చెబితే మళ్లీ ఓడెక్కనిచ్చేది కాదు."
సున్నీవా పోయి ఆరేళ్లు.

ఎముక తనంతట తనే అతుక్కుంది, కొంచెం లావుగా.
ఆ లావును లెక్కలో కలిపి మళ్లీ నడిపాను.
మచ్చ పోయింది.
దాని వెనక ఏమీ లేదు,
అందరికీ ఉండే మడతలే.

చమురు పడలేదని చెప్పి బొమ్మ చేతిలో పెట్టాను.
టోపీ పెట్టుకోబోయి ఆగి కణత తడుముకున్నాడు.
"ఇంత చిన్నదా," అన్నాడు.