మందు

మా వైపు అన్నిటికీ ఒకటే మాట.
వరికి కొట్టేది మందు, రొయ్యల చెరువులో చల్లేది మందు,
సాయంత్రం సీసాలోదీ మందే.
నా కొట్టు బోర్డు మీద ప్లస్సు గుర్తు కింద
రాయించుకున్నదీ అదే.

మొగల్తూరు రోడ్డులో ఇరవై రెండేళ్లుగా
చీటీ చూసీ, చూడకా
ఇచ్చిన చెయ్యి ఇది.

ఇశ్రాయేలు మొదట నడుం నొప్పనే వచ్చాడు.
అబద్ధం కాదు. మేత బస్తాలు మోసే నడుం.
ఒక బిళ్ల. ఆదివారానికి రెండు.
దసరా వెళ్లేసరికి అట్ట మొత్తం.
తగ్గిందా అంటే
నొప్పి ఎక్కడుండేదో మర్చిపోయానండీ అని నవ్వాడు.
వేసుకోకపోతే మాత్రం ముక్కు కారుతుందట,
ఒళ్లు జలదరిస్తుందట, కాళ్లు పడుకోనివ్వవట.
దాన్నేమంటారో చదువుకున్నవాణ్ని.
చదువుకుని, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.

దగ్గు సిరప్పు అడిగే పిల్లలు దగ్గరు.
సైకిలు షాపు వీర్రాజు అన్నాడు,
పంచర్లు తగ్గాయి గాని సొల్యూషన్ ట్యూబులు ఆగట్లేదని.
గుడ్డలో పిండి పీలుస్తారు.
ఒక్కోడికి మొదటిసారికే గుండె ఆగుతుంది.
మన్యం నుంచి దిగే పొట్లం గురించి అడిగితే
ఆకే కదా బాబాయ్ అంటారు.
ఉమ్మెత్తా ఆకేరా.

ఆ రాత్రి కరెంటు పోయింది.
ఏరేటర్లు ఆగితే చెరువెలా ఉంటుందో మీకు తెలుసు.
నీళ్లలో ఊపిరి అయిపోయి
రొయ్యలు ఒక్కొక్కటే పైకి తేలతాయి,
గట్టు పొడుగునా మీసాలు కదిలిస్తూ.
అందరూ జనరేటరు దగ్గరికి పరిగెత్తారు.
షెడ్డులో ఇశ్రాయేలు గుర్రు పెడుతున్నాడు.
వీడి నిద్ర తగలెయ్య, అని నవ్వుకున్నారు.

అది గుర్రు కాదు.
బిళ్లలూ, పైన క్వార్టరూ కలిసి
ఊపిరి తీయాలన్న సంగతే మెదడు మర్చిపోతే
గొంతులో వచ్చే చప్పుడు.
నిమిషానికి పన్నెండు. ఎనిమిది. నాలుగు.
లేపితే లేవడు. పెదాలు నేరేడు రంగు.
కంటిపాప ఆవగింజంత.
పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, 108కి కొట్టాలి,
వదిలి కదలకూడదు.
అక్కడెవరికీ తెలీదు.
తెలిసినవాణ్ని ఐదు కిలోమీటర్ల అవతల
ఇన్వర్టరు ఫ్యాను కింద ఉన్నాను.

రొయ్యలు బతికాయి.
పట్టుబడికి నలభై కౌంటు వచ్చిందన్నారు.

ఇప్పుడు చీటీ లేకపోతే ఇవ్వను.
కుర్రాళ్లు నన్ను తిట్టి నరసాపురం బస్సెక్కుతారు.
ఒకడు జిరాక్సు చీటీ తెచ్చాడు,
ఆ డాక్టరు పోయి మూడేళ్లు.

సువార్తమ్మ నెలకోసారి బీపీ బిళ్లలకి వస్తుంది.
కొడుకు ఏ కొట్టులో కొన్నాడో
ఆమెకెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.
కొంగు ముడి విప్పి, నోటు బల్ల మీద సాపు చేసి
"మందియ్యి బాబూ" అంటుంది.

చెయ్యి అర దాకా వెళ్లి ఆగుతుంది.
అట్ట మీద పేరు
మూడుసార్లు చదువుతాను.