సాదాబైనామా

మిర్పతోట పక్కన ఆరు గుంటలు,
రాహేలమ్మ రూపాయికి అమ్మింది దేవునికి.
తెల్లకాయితం, ఏలిముద్ర.
సాక్షులిద్దరు మందిరం ఎనక సిలువల కింద పండుకున్నరు.
కంప్యూటర్ల మాత్రం మనుమడు తిమోతి పేరే వస్తది.

హన్మకొండ కోర్టుల వకీలు అడిగిండు:
"పాస్టరుగారూ, దేవునికి పాసుబుక్కుందా?"
అందరు నవ్విన్రు. నేను గూడ.

అటు బెంచి మీద తిమోతి.
చెర్వుల ముంచి లేపిననాడు
నా అంగీ పట్టుకొని ఇడువలేదు వాడు.
ఇయ్యాల ఇటు సూస్తలేడు.

వాయిదా. మళ్ల ఇరవై మూడుకు.
ఫీజు కానుకల డబ్బలకెల్లి,
అన్నీ పది రూపాల నోట్లు.

నర్సంపేట బస్సుల సంచి ఒళ్లె పెట్టుకున్న.
బతికున్నన్నొద్దులు అడిగింది ముసల్ది:
"రిజిస్ట్రీ చేపిద్దాం, అయ్యగారూ."
ప్రార్థన చేద్దామన్న నేను.
ఆమె కండ్లు మూసుకుంది.
ఆమెనే ముందు తెరిచింది.