స్టేజీ దాటి పది అడుగులు

రోహిణి కార్తె. కలిగిరి దగ్గర తారు
చెప్పులకి అంటుకుంటా ఉంది.
బస్సంతా టికెట్లతోనే విసురుకుంటుంటే
నేను ఖాకీ చొక్కా కింద స్వెట్టర్ తొడుక్కున్నా.

"ఏందక్కా, మన బండి ఊటీ పోతుందా?"
డ్రైవర్ మస్తాన్ అద్దంలోంచి నవ్వాడు.
నేనూ నవ్వినా, సెల్ఫ్ ఎత్తని బండిలా,
రెండు మూడు సార్లు నెట్టినాక.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను.
జబ్బయితే ఒక తేదీ ఉండాలి గదా.
ఇది పొద్దు గుంకినట్టు వచ్చింది,
చూస్తా చూస్తా ఉండగానే
లైటు వేసుకోవాల్సి వచ్చింది.

దువ్వెన నిండా జుట్టు.
మడమలు వాన లేని మెట్ట చేను.
వింజమూరు, వింజమూరు అని అరిస్తే
లోపలెవరో ఇనప మంచం లాగుతున్నట్టు గొంతు.
రూపాయి తేడా రానియ్యని దాన్ని,
మొన్న జలదంకిలో ఎక్కిన ముసలాయనకి
డెబ్బై రూపాయల చిల్లర టికెట్ వెనక రాసి
ఇయ్యడం మరిచిపోయా.
ఆయన దిగి, బస్సు కదిలాక
దుమ్ములో టికెట్ పట్టుకున్న చెయ్యి కనపడింది.
ఆపుదామని విజిల్ నోట్లో పెట్టుకున్నా.
ఎందుకు పెట్టుకున్నానో మరిచిపోయా.

డిపో డిస్పెన్సరీలో బీకాంప్లెక్సు ఇచ్చారు.
తిని పడుకుంటే ఒళ్ళు రాదా, అనింది మా అత్త.
తినేదెప్పుడో, పడుకునేదెప్పుడో ఆమెకే తెలియాల.
ఆ వయసుకంతేలే అక్కా, అనింది చెల్లెలు హైమ.
నాకు ముప్ఫై ఎనిమిది.
మస్తాన్ కసుమూరు దర్గా తాయెత్తు తెచ్చి కట్టాడు.
అది మాత్రం తీయబుద్ధి కాలేదు,
ఏదో ఉందని నమ్మినోడు ఆయనొక్కడే.

కాలరు గుండీ పట్టడం లేదని చొక్కా ఇస్తే
టైలర్ ఖాజా మెడ చుట్టూ టేపు పెట్టి
పాత కొలతల పుస్తకం తిరగేశాడు.
"ముప్పావంగుళం మేడం. బట్ట కుదించుకోలా."
కాసేపు ఆగి, సూదిలో దారం ఎక్కిస్తా,
"మా ఇంట్లో ఆమెకీ ఇట్టానే. థైరాయిడేమో చూపిచ్చుకోండి."

ఆ రాత్రి అద్దం ముందు నీళ్ళు మింగుతా చూసుకున్నా.
గుటక పడినప్పుడల్లా గొంతులో
ఏదో లేచి కూర్చుంటా ఉంది.
ఉందా, ఉన్నట్టా?
మూడు గ్లాసులు తాగా.
"ఏం మింగతన్నావ్ మా?" నిద్రలోంచి మా పాప.
ఏం లేదు, పడుకో.

కావలి ట్రంకు రోడ్డులో పరగడుపున రక్తమిచ్చా.
డాక్టర్ కాగితం చూసి, "బోర్డర్లో ఉందమ్మా,
మందేం వద్దు, ఆర్నెల్లాగి చూద్దాం."

సార్, పదహారేళ్ళుగా బోర్డర్ల మీదే నా బతుకు.
స్టేజీ దాటి పది అడుగులు పోయి దిగినా
పై స్టేజీ టికెట్టే కొట్టాల.
పది అడుగులే గదా తల్లీ అని
ఎంతమంది బతిమాలలేదు నన్ను!

అనలేదు. కాగితం మడిచి క్యాష్ బ్యాగులో పెట్టుకున్నా.

ఎవరికీ చెప్పని మాటొకటి.
ముందురోజు రాత్రి పెంచలకోన సామికి మొక్కుకున్నా,
ఆ కాగితంలో అంకె తప్పుగా రావాలని.
జబ్బు కావాలని కాదు సామీ,
పేరు కావాల.
పేరుంటే సెలవు చీటీ మీద రాయొచ్చు.
పేరుంటే నేను సోమరిదాన్ని కాదని
ముందు నాకు నేను చెప్పుకోవచ్చు.

నిన్న జలదంకిలో ఆ ముసలాయన మళ్ళీ ఎక్కాడు.
పంచె మడతలోంచి నలిగిన టికెట్ తీశాడు.
చెమటకి సిరా అలుక్కుపోయి అంకె కనపడలా.
"ఎంతో నాకూ గుర్తులేదమ్మా. నువ్వే చెప్పు."
డెబ్బై లెక్కబెట్టి చేతిలో పెట్టా.
ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.
"ఏందమ్మా, ఈ ఎండల్లో
ఇంత చల్లగా ఉండావు?"

జరగండి, లోపలికి జరగండి, అన్నా,
ఎవరూ నిలబడి లేకపోయినా.

గురువారం నాకు ఆఫ్.
నెల్లూరు పోతుండా, ఇంకో డాక్టర్ దగ్గరికి.
స్వెట్టర్ తోనే పోతా.