గోడపెచ్చు

సీసా మీద పేరుండదు, నలభై ఒకటి అని అంకె.
మంచు తోసే బండి నడిపేవాడట, ఈ టార్టు ఊళ్లోనే.
మనిషి పోయి తొమ్మిదేళ్లు.
తెల్లకణాలు మాత్రం పోలేదు.
కాపలా కాయమంటే
కాపురం పెట్టేశాయి.

సోమవారం విల్వే ఒక చుక్క వేసింది:
బాక్టీరియా గోడ నుంచి రాలిన పెచ్చు.
ఆ బాక్టీరియా కూడా చచ్చిందే.
మంచి కణమైతే ఆ వాసనకి ఉలిక్కిపడి
నాలుగు రోజులు అరిచి, అలిసి, ఊరుకునేది.
ఇవి
దొంగ చెప్పు దొరికిందని పండగ చేసుకున్నాయి.

గురువారానికి రెండింతలు.
మళ్లీ లెక్కపెట్టింది. రెండింతలే.
పక్క సీసాలో ఇంకెవరివో,
అదే చుక్కకి సగం చచ్చాయి.
ఎందుకో రాయడానికి ఆమె పట్టికలో గడి లేదు.

"పడుకోవయ్యా ఇంక" అని మూత బిగించింది.
కింద వీధిలో బండి మంచు తోసుకుంటూ పోతోంది,
తోసినచోటే కురుస్తోంది.