పేరు చెరిగిన కుండీ

వేలంలో చివరి సరుకది.
పోయిన నర్సరీ ఆసామి గొట్టాలూ, తోపుడుబండీ,
తుప్పు కత్తెరలూ అన్నీ అమ్ముడయ్యాక
రెండు యూరోలకి నా చేతిలో పెట్టారు
జానెడు మొక్కని.
చీటీ మీది అక్షరాలు ఎండ తినేసింది,
ఏ అక్షరానిదో తెలియని
ఒక్క తోక మిగిలింది.

మా బ్రెతాన్ తీరంలో వాన పిలవకుండా వస్తుంది,
నేల పుల్లనిది,
హైడ్రాంజియాలు నీలంగా పూసేది అందుకే.
ఇక్కడ ఏదైనా బతుకుతుందనుకున్నాను.
బతికింది. అంతే.
మొదటి ఏడు వేలెడు ఎదిగింది,
రెండో ఏడు అదీ లేదు.
ముప్పై ఏళ్ళు బడిపిల్లలకి వండిపెట్టినదాన్ని,
మూత తీయకుండానే ఏది ఉడికిందో చెప్పగలను.
ఇది ఉడకదే!

"యూ చెట్టు సోజిగ్, ఆవు తింటే చస్తుంది"
అన్నాడు పక్కింటి టాంగీ, పడవ ఇంజన్ల మెకానిక్కు.
మా ఇద్దరికీ ఆవులు లేవు.
వాళ్ళావిడ ఆకు గిల్లి చూసింది,
ప్లాస్టిక్కేమోనని.

మా దగ్గర అడవి పుట్టగొడుగులు దొరికితే
మందుల షాపుకి పట్టుకెళ్తాం,
తినొచ్చో లేదో వాళ్ళు చెప్పాలి.
రాలిన రెమ్మ ఒకటి అక్కడికే తీసుకెళ్ళాను.
ఎనోరా అటు తిప్పింది, ఇటు తిప్పింది, వాసన చూసింది.
"తినకండి, నాకు తెలిసింది ఇంతే" అంది.

ఆ రాత్రి ఒక సూదిని దీపానికి అడ్డంపెట్టాను.
వేలంత పొడుగు, గుచ్చుకోదు.
పైన ఒక గాడి, కింద ఒక పసుపు గాడి,
కొనలో చిన్న నొక్కు.
ఎప్పుడో రెండు సూదులు అతుక్కుని ఒకటయ్యాయి,
కుట్టు మాత్రం దాచుకోలేదు.
అలాంటివి పాతిక, రెమ్మ చివర చుట్టూ విచ్చుకుని
మా గాలికి తిరగబడని గొడుగు.
పైన్ అందామంటే జంట విడిపోలేదు,
కాయని చూసి పోల్చుదామంటే
కాయ ఊసే లేదు.

సరే, పేరు లేకుండానే పెంచాను.
తూర్పుగాలికి పాత తెరచాప గుడ్డ కట్టాను.
తొట్టిలో పట్టిన వాననీళ్ళే పోశాను,
కుళాయి నీళ్ళలో సున్నం ఉంటుందని.
కత్తెర చూపించలేదు.
ఒక జనవరిలో రాగిరంగు తిరిగితే
చచ్చిందనుకుని క్షమాపణ చెప్పుకున్నాను,
ఏప్రిల్‌కి పచ్చబడింది,
నా మాట విననట్టే.

పదకొండో ఏట, నా నడుము దాకా వచ్చాక,
మా ఆల్చిప్పల రేవు చూడ్డానికి
జపాను నుంచి నలుగురొచ్చారు.
అందులో ఒకావిడ, పొట్టి మనిషి, రబ్బరు బూట్లు,
పేరు హిసాయె,
నా గోడ దగ్గర ఆగిపోయింది,
పరాయి ఊరి బస్టాండులో
మేనత్త కనబడ్డట్టు.
టోపీ తీసింది.
"కోయామకి."
నాచేత మూడుసార్లు అనిపించింది,
మూడోసారి కూడా సరిగ్గా రాలేదు కాబోలు, నవ్వింది.

దుబాసీ కుర్రాడు చెప్పాడు:
వాళ్ళ కొండల్లో దీన్ని సమాధుల ముందు పెడతారట,
కోసినా చాలా రోజులు వాడదట.
ఆవిడ రెండు వేళ్ళు ఎడం చేసి చూపించింది,
ఇంత, ఇంత చాలని.

ఆ ఇంత ఎదగడానికి దానికి
ఎన్ని చలికాలాలు పట్టాయో
నాకు తెలుసు.
కాసేపు మాట్లాడలేదు.
తర్వాత లోపలికెళ్ళి
చేపలు కోసే కత్తెర తెచ్చాను.

ఆటు వేళ రేవు చివరి రాళ్ళ సందున
ఆ రెమ్మ గుచ్చి నిలబడింది.
ఎవరికోసమని నేనడగలేదు,
కుర్రాడూ అడగలేదు,
సముద్రం బాగా వెనక్కి పోయి ఉంది.

కొత్త చీటీ రాశాను, పెన్సిల్‌తో.
సిరా ఎండకి పోతుంది, పెన్సిల్ గీత పోదు.
టాంగీ చదివాడు, కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ చదివాడు,
ఇప్పటికీ యూ అనే అంటాడు.

కోసినచోట జిగురు ఒక చుక్క,
నెల దాటింది,
ఇంకా వేలికి అంటుతోంది.