సమన్ల వెనకవైపు

చిత్తూరు కోర్టు సంచిలో
ఆ పూట ఏడు సమన్లు.
ఆరు అంటగట్టి, ఏడోదానికి ఇరాల దాటి
మట్టిదోవన మోపెడు తోసుకుంటా పోతే
అరుగు మీద ఇద్దరు ముసిలోళ్ళు
చింతపండు గింజలు కొడతా ఉండారు.

"కుప్పమ్మంటే ఎవరమ్మా? ప్రతివాది?"

"కుప్పమ్మ నేనే. ఆ రెండో ఆమె ఎవరో నాకు తెల్దు."
గింజ ఎగిరొచ్చి నా చెప్పు మీద పడింది.
"జన్మలో ఒకరితో వాదించలే,
పెనిమిటితో గూడా.
నన్ను పట్టుకోని ఆ మాట అంటావేంది నాయినా?"

చెప్పినా:
దావా వేసినోళ్ళు వాది.
వేయించుకున్నోళ్ళు ప్రతివాది,
నోరు తెరవకపోయినా అదే పేరు.
వకాల్తా మీద వేలిముద్ర వెయ్యాల,
ముప్పై దినాల్లో జవాబు దావా వెయ్యాల.
రాకపోతే ఎక్స్ పార్టీ.

"అదే పార్టీ? గుర్తేంది?"

నవ్వాపుకోని కాగితం చదివినా.
మామిడితోపులోకి నాలుగు గజాల బండిదోవ,
ఫ్యాక్టరీ లారీ పోవాలంట,
అడ్డం పడకుండా శాశ్వత ఇంజంక్షన్.
వాది చెంగమ్మ,
భర్త కీర్తిశేషులు మునస్వామి.

రాయి ఆగింది.
కుప్పమ్మది కాదు, పక్కామెది.

"నా పేరే," అనింది
చింతపండును చూస్తా.
"పిల్లోడు ఏలు పెట్టమంటే పెట్టినా,
సొసైటీ లోనని చెప్పె."

కుప్పమ్మ ఏమీ అనలే.
తన ముందరుండే గింజల కుప్పను
కొంచెం ఇవతలికి లాక్కునింది.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో
తలుపులకంటించినా, కుక్కలకు పరిగెత్తినా,
'ఇంట లేరు' అని ఇంట్లోంచే చెప్పించుకున్నా.
వాది ఇచ్చిన మజ్జిగ తాగతా
ప్రతివాదికి సమన్లిచ్చింది అదే మొదలు.

వెనకవైపు రాసినా:
ప్రతివాది స్వయముగా తీసుకొని వేలిముద్ర వేసినది.
సాక్షి...

ఎండకు వీధిలో పురుగు లేదు.
చెంగమ్మ బొటనవేలు చాపింది.
"వాది సాక్షిగా చెల్లదమ్మా."
"చూసినదాన్ని నేనే గదా?"

దానికి జవాబు నాకు ఏ రూల్లోనూ దొరకలే.
ఆ గడి ఖాళీగానే తెచ్చినా.

వాయిదా దినం
డవాలీ బంట్రోతు మూడుసార్లు అరిచినాడు.
వరండా చివర ఒకటే టిఫిన్ క్యారియర్ ముందర
రెండు చేతులు ఆగినాయి.
జడ్జిగారు సెలవు. మూడు నెలలకు వాయిదా.

"అప్పటికి కాయలు అయిపోతాయి గదా,"
అనింది ఇద్దర్లో ఒకామె.
ఎవరో నేను తిరిగి చూళ్ళే.