పద్నాలుగో గొంతు

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా పది.
పగలు వీసా ఫారాలు, గడువు తీరిన లేబర్ కార్డులు.
రాత్రి షట్టర్ సగం దించి
హైదరాబాద్ నుంచి పరిశోధనకొచ్చిన మేడం
రికార్డు చేసుకున్న గొంతుల్ని టైపు చేస్తాను,
నిమిషానికి రెండు దిర్హాములు.

షరతు ఒకటే: పేర్లు తీసేయాలి, ఊళ్ళు తీసేయాలి.
పేరున్న చోట అంకె, ఊరున్న చోట చుక్కలు.
దగ్గును ఏం చేయాలో చెప్పలేదు.

పద్నాలుగో గొంతు దగ్గింది.
రెండుసార్లు పొడిగా, మూడోసారి లోపలికి మింగుతూ.
ఏడేళ్ళుగా నా పైమంచం మీంచి వింటున్న దగ్గు.
లింబాద్రీ,
నువ్వేనని నాకంటే ముందు నా వేళ్ళకు తెలిసింది.

"సెలవు నలబై రోజులు మేడం.
చెల్లె పెండ్లయింది. ఇంటికి రంగేసిన.
ఒక్క రాత్రే, గా పని.
అందరు ఉరుకుతుంటే ఉరికిన.
దర్జీ కొట్టు. షట్టరు కిందికెళ్ళి పెట్రోలు పోసిండ్రు.
డబ్బా నేనే పట్టుకున్న. మూత నేను తియ్యలే."

ఆయన మీకు తెలుసా, అని మేడం.
రికార్డులో ఏసీ చప్పుడు, పదకొండు సెకన్లు.
"నా బడి లాగులు ఆయనే కుట్టిండు.
కొలతల బుక్కు సగమే కాలింది.
తెల్లారి చూస్తే మా నాయిన పేరుంది, నడుము ముప్పై."

ఆ వారమే తిరిగొచ్చావు.
పుంటికూర తొక్కు తెచ్చావు. రూములో ఎనిమిది మందిమి
కుబూస్ చింపుకుని, వేళ్ళు నాకాం.
ఊరెట్లుందంటే
మంచిగనే ఉంది అన్నావు.

మేడం దగ్గర ఒక పట్టిక ఉంది:
పేదరికం, అవమానం, ఒంటరితనం, నాయకుడు,
ఎదురుగా టిక్కు పెట్టే గడులు.
నువ్వు దేనికీ ఊఁ అనలేదు.
"ఫోన్ల ఒక వీడియో చూసిన మేడం. అండ్లకెళ్ళి మొదలు."

ఎవరు పంపారు?

మళ్ళీ నీ దగ్గు.
"మా రూమన్న. టైపింగ్ సెంటర్ల చేస్తడు.
మంచోడు. ఊకెనే పంపిండు, అందరికి."

ఆపాను. వెనక్కి తిప్పాను. మళ్ళీ విన్నాను.
నాకా వీడియో గుర్తు లేదు.
బొటనవేలు ఒక్కసారి కదిలి ఉంటుంది,
కంపెనీ బస్సు కోసం నిలబడి,
ఆవులిస్తూ.

పేర్లు తీసేయాలి.
నువ్వు నా పేరు చెప్పనే లేదు, తీసేయడానికి.
'రూమన్న' అని కొట్టాను.
కర్సర్ దాని పక్కనే ఆరుతూ వెలుగుతూ ఉంది.

రూముకెళ్తే పైమంచం మీద
గోడవైపు తిరిగి నువ్వు.
"అన్నా, గింత రాత్రయిందేంది?" అన్నావు.

దగ్గాను.